విరిగిన చోట నేను రాసింది

ఫిబ్రవరి 4

ఈ పుస్తకం మా ఆవిడది. ముందు పదహారు పేజీలు వాడుకుంది. మిగతావి ఖాళీ. పారేయడానికి చేయి రాలేదు. అందుకని రాస్తున్నాను. వేరే కారణం లేదు.

ప్రతి పేజీ నెత్తిన మూడు గళ్ళు అచ్చువేసి ఉన్నాయి. రాయి ఉన్న చోటు. తేదీ. అచ్చు తీసినవారు. మొదటి రెండూ గుండ్రటి అక్షరాలతో నింపేది. మూడోది ఎప్పుడూ నింపలేదు. శాసనాల శాఖలో రివాజు అది. శాసనం చదివినవాడి పేరే పుస్తకంలో పడుతుంది. రాతి మీద కాగితం పరిచి అచ్చు తీసిన మనిషి పేరు పడదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె తీసింది, నేను చదివాను.

ఆమె పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు.

ఫిబ్రవరి 5

పాలు విరిగాయి. ఇంకా రెండు పాకెట్లే కొంటున్నాను.

ఫిబ్రవరి 8

అమ్మాయి వచ్చింది. ఆసుపత్రి వంటశాల మొత్తం దాని చేతి కింద నడుస్తుంది. నాలుగు వందల పళ్ళేలు పూటకి. నాకు క్యారియర్ తెచ్చి, ఎదురుగా కూర్చుని, నేను చెయ్యి కడుక్కునేదాకా కదలదు. తాను తినదు. చివరి వార్డు పళ్ళేలు తిరిగొచ్చాకే తింటుంది. ఎనిమిదేళ్ళప్పటి అలవాటు.

ఆ అలవాటు నా వల్లే వచ్చింది. అన్నం తినేటప్పుడు దానికి రాజు కథ చెప్పేవాణ్ణి. కరువు ఏట రాజు రాయి మీద చెక్కించిన మాట. "గాదెలు నిండేదాకా రాజు తినే వంటింట పొయ్యి వెలగరాదు." ఒకరోజు పళ్ళెం పక్కకి జరిపి, "మనింట్లో పని చేసే ఆవిడ తిందా?" అంది. నేను పొంగిపోయాను. వాళ్ళమ్మ మాత్రం నా వైపు చూసి, లేచి వెళ్ళి పనావిడకి పెట్టొచ్చింది.

"అమ్మ కాగితాలు ఎప్పుడు సర్దుతావు నాన్నా? బీరువా మీద అన్ని చుట్టలు. చెదలు పడతాయి."

"సర్దుతాను."

"ఆదివారం నేనొచ్చి పట్టనా ఒక చెయ్యి?"

"వద్దు."

"వద్దనడానికి అంత అరవాలా?"

అరిచానట. నాకు వినపడలేదు.

ఫిబ్రవరి 11

జూనియర్ వచ్చాడు. ఇప్పుడు శాఖకి డైరెక్టరు. నాకింకా జూనియరే. వాడికీ తెలుసు, కుర్చీ చూపించేదాకా కూర్చోలేదు.

కాసేపు ఆమె గురించి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు. ఎండలో కొండెక్కి ఎవరూ తీయలేని రాళ్ళు తీసిందనీ, ఆమె అచ్చు తీస్తే రాయే లేచొచ్చి బల్ల మీద పడుకున్నట్టు ఉండేదనీ. తరువాత సంచిలోంచి కాగితం తీశాడు.

కొత్త సభాభవనం ముందు పన్నెండడుగుల రాయి నిలబెడుతున్నారు. దాని మీద రాజు మాట. కింద పేరు కూడా అక్కర్లేదట, దేశంలో ఆ మాట ఎవరిదో తెలియని వాడు లేడట. నిజమే. బడి గోడల మీద ఉంది, బస్సుల వెనక ఉంది, ఎన్నికలప్పుడు రెండు పక్షాల కరపత్రాల మీదా ఉంది. జాతికి ఒక రాజు కావలసి వచ్చాడు. మేమిచ్చాం.

"శాసనంలో ఈ మాట ఇలాగే ఉందని మీరో సంతకం పడేస్తే చాలు సార్. చదివింది మీరు కదా."

"కావాలంటే నువ్వు పెట్టు. డైరెక్టరువి."

"నేను పెడితే నలుగురు వేలు పెడతారు సార్. బ్రాకెట్ సార్ సంతకం అంటే ఇంక నోరెత్తేదెవరు?"

బ్రాకెట్. శాఖలో నా పేరు. రాయి విరిగిన చోట ఏముండేదో మనం ఊహించి రాస్తే, దానికి అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టాలి. ఏది రాయి అన్నదో, ఏది మనం అన్నదో చదివేవాడికి తెలియాలి. బ్రాకెట్ మర్చిపోయిన కుర్రాళ్ళని నేను గదిలోంచి పంపేసేవాణ్ణి. అది ఇంటిదాకా వచ్చింది. "ఏవండీ బ్రాకెట్ గారూ, ఉప్పు బ్రాకెట్లో వేశాను, చూసి చెప్పండి" అనేది, రుచి చూడకుండా వండిన రోజు.

నెలాఖరులోపు ఇస్తానన్నాను.

ఫిబ్రవరి 12

అసలు శాసనం రాయి నాలుగో వరుస విరిగి ఉంది. "గాదెలు నిండేదాకా", తరువాత జానెడు ఖాళీ, తరువాత "పొయ్యి వెలగరాదు". ఖాళీలో "రాజు తినే వంటింట" అని నేను నింపాను. పుస్తకంలో బ్రాకెట్లతోనే వేశాను. పాఠంగా బడి పుస్తకానికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు, "చిన్నపిల్లలకి బ్రాకెట్లేంటండీ" అన్నారు. సరే అన్నాను. ఒక్కసారి సరే అన్నాను.

విరిగిన ముక్క దొరకలేదు. దొరికి ఉంటే వేరే సంగతి.

ఫిబ్రవరి 15

బీరువా మీది చుట్టలు దింపాను. నూట పన్నెండు. పాత చీర ముక్కల్లో చుట్టి, ఒక్కోదానికి చీటీ కట్టి ఉంచింది.

ఈ పని చూడనివాళ్ళకి ఎలా చెప్పాలో తెలియదు. రాయి కడగాలి. తడి కాగితం పరిచి, గాలి లేకుండా, కుచ్చు బ్రష్‌తో అక్షరాల గుంటల్లోకి దిగేలా కొట్టాలి. ఎక్కువ కొడితే చిరుగుతుంది, తక్కువ కొడితే అక్షరం రాదు. కాస్త ఆరాక, సిరా అంటిన గుడ్డ ముద్దతో అద్దాలి. గుంటలకి సిరా అంటదు. రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. లేని చోటే మాట్లాడుతుంది, అనేది.

ఆసుపత్రిలో ఆమె వేలికి క్లిప్పు పెట్టబోతూ నర్సు గోళ్ళ సందుల్లో నలుపు చూసి దూదితో రుద్దింది. పోలేదు. "ఏం పని చేసేవారమ్మా?" అంది. "రాళ్ళకి బట్టలుతికేదాన్ని" అంది ఆమె. నర్సు నా వైపు జాలిగా చూసింది. రోగికి మతి తప్పిందనుకుంది కాబోలు.

ఒక చీటీ మీద "పిండిమర గుమ్మం" అని ఉంది. తేదీ పంతొమ్మిదేళ్ళ కిందటి జూన్. అది విప్పలేదు. ఆ చుట్ట సంగతి నాకు తెలియదు.

ఫిబ్రవరి 16

తెలియదు అని రాశాను నిన్న. చూశానేమో. గుర్తు లేదు.

ఫిబ్రవరి 17

గుర్తు లేదు.

ఫిబ్రవరి 19

గుర్తుంది.

ఆ రోజు పిండి పట్టించడానికి వెళ్ళి సాయంత్రందాకా రాలేదు. వచ్చేసరికి జుట్టంతా పిండి, చేతులంతా సిరా. పిండి సంచీ మర్చిపోయింది, చుట్ట మాత్రం చంకలో ఉంది. మర గుమ్మంలో తొక్కుడు రాయిగా వేసిన ముక్క మీద అక్షరాలు కనబడ్డాయట. నీళ్ళు తెప్పించి కడుగుతుంటే మర ఆయన, "గడపకి తలంటు పోస్తున్నావా తల్లీ" అన్నాడట. అది చెప్పి తానే నవ్వింది. నేను నవ్వలేదు. అప్పటికే చుట్ట విప్పి చూశాను.

ఆమె పెద్దరాయి అచ్చు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. దాని విరిగిన అంచు పక్కన దీన్ని పెట్టింది. పగిలిన కుండకి దాని పెంకులా అతికింది.

నా జన్మలో ఏ రాయీ అంత వేగంగా చదవలేదు.

"గాదెలు నిండేదాకా ధాన్యం ఇవ్వని ఊళ్ళ పొయ్యి వెలగరాదు."

ఏడు అక్షరాలు పట్టే జాగా. నేనూ ఏడే నింపాను. కొలత తప్పలేదు.

కరువు ఏడాది. ఆ రాజు పస్తులుండలేదు. ఊళ్ళని పస్తులుంచాడు. అది ధర్మంగా రాయి మీద చెక్కించాడు.

ఆమె నేను తల ఎత్తేదాకా నిలబడింది. అప్పటికి ఆ పాఠం ఆరేళ్ళుగా నడుస్తోంది. పై వారం నాకు పతకం ఇస్తున్నారు, ఆ వాక్యం చదివినందుకే.

"ఇప్పుడొద్దు" అన్నాను.

"మరెప్పుడు?"

"చూద్దాం."

"సరే. తీసే పని నాది. చదివే పని మీది."

చుట్ట చుట్టి, చీటీ కట్టి, బీరువా మీద పెట్టింది. పతకం రోజున తలనొప్పి అని రాలేదు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఒప్పుకుందనుకున్నాను.

ఇంకొకటి. ఆ జూన్ తరువాత ఆమె నన్ను బ్రాకెట్ గారూ అని పిలవలేదు. ఇది ఇవాళ, ఇక్కడ రాస్తుంటే తట్టింది. పంతొమ్మిదేళ్ళు.

ఫిబ్రవరి 20

నా తొమ్మిదో ఏట పంటలు పోయాయి. ఒకరోజు మా నాన్న మా అందరికంటే ముందు తిన్నాడు. గోడ వైపు తిరిగి తిన్నాడు. నేను తలుపు సందులోంచి చూశాను. ఆయన తప్పు లేదు. ఆకలి అలాంటిది.

ఆ ఖాళీ ముందు కూర్చున్నప్పుడు నా చేతికి వేరే మాట రాలేదు.

ఇది సాకు కాదు. సాకేనేమో.

ఫిబ్రవరి 22

రాయి చూద్దామని శిల్పి షెడ్డుకి వెళ్ళాను. ఊరి చివర, రేకుల కప్పు. పన్నెండడుగుల రాయి దుంగల మీద పడుకుని ఉంది. ఎర్రరంగుతో అక్షరాలు గీసి, "గాదెలు నిండేదాకా" వరకూ చెక్కారు. తరువాతవి ఇంకా ఎర్రగీతలే.

శిల్పి యాభై దాటిన మనిషి. కనుబొమల మీద రాతిపొడి. నేనెవరో చెప్పగానే ఉలి కింద పెట్టి స్టూలు తుడిచాడు.

"మీరేనా అండీ ఆ మాట చదివింది! ఎన్నో రాళ్ళు చెక్కాను గానీ, ఇలా చెయ్యి దానంతటది పోయింది ఇదొక్కటే. ఈ నెలంతా మా పనివాళ్ళు తిన్నాకే తింటున్నానండీ. రోజూ ఈ మాట చెక్కుతూ ముందే కూర్చుని మెక్కితే సిగ్గేయదూ?"

వెనకనుంచి ఒకడు, "అందుకే మేస్త్రీ సన్నబడ్డాడు, మేం లావయ్యాం" అన్నాడు.

నేను అడిగాను. "ఇక్కడ రెండు గుర్తులు చెక్కగలరా? ఈ మాటకి ముందొకటి, వెనకొకటి." రాతిపొడిలో వేలితో గీసి చూపించాను.

అటూ ఇటూ తిరిగి చూశాడు. "కొక్కేల్లా ఉన్నాయే! రాజు మాటకి కొక్కేలెందుకండీ? పారిపోతుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డైరెక్టరు కాగితం ఇస్తే చెక్కుతానన్నాడు. మర్యాదస్తుడు. నన్ను రోడ్డుదాకా దిగబెట్టాడు.

అబద్ధం వల్ల ఒక షెడ్డులో పదిమంది ముందు తింటున్నారు. ఒక ఆసుపత్రిలో నాలుగు వందలమంది. నిజం వల్ల ఎవరు తింటారు? దారంతా ఇదే. బాగా వాదించాను.

ఫిబ్రవరి 23

సంతకం పెట్టాను. పెన్ను కూడా జూనియరే తెచ్చాడు.

అమ్మాయి కోసం పెట్టాను. దాని బతుకంతా ఆ మాట మీద నిలబడి ఉంది. ఇది గుర్తు కోసం రాసుకుంటున్నాను. అమ్మాయి కోసం.

ఫిబ్రవరి 24

ఏమీ లేదు.

ఫిబ్రవరి 26

మధ్యాహ్నం ఆసుపత్రి వంటశాలకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఇంట్లో ఉండలేకపోయాను.

రెండు నలభైకి చివరి బండి వచ్చింది. అమ్మాయి పళ్ళేలు లెక్కచూసి, చేతులు కడుక్కుని, మూలబల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంది. నాకూ పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక చెప్పేశాను. ముక్క సంగతి, మర గుమ్మం సంగతి, రాజు నిజంగా అన్న మాట, నా సంతకం. వరుసగా, ఆఫీసు నోటు చదివినట్టు.

అది తినడం ఆపలేదు.

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"అంతా. నేను కాలేజీలో చేరిన ఏడు అమ్మ చెప్పింది. చుట్ట కూడా చూపించింది."

"మరి నువ్వు... ఇంకా ఇలా ఆఖర్న..."

"రాజు అన్నాడని ఆగానా నేను? నువ్వా మాట చెప్పేటప్పుడు నీ గొంతు ఒకలా అయ్యేది. ఏడుపులా. అది విని ఆగాను. రాజు ఏమైపోతే నాకేంటి?"

పక్కన ఎవరో గిన్నెలు పడేశారు. అమ్మాయి తల తిప్పి, "నెమ్మదమ్మా, పేషెంట్లు హడలిపోతారు" అని మళ్ళీ ఇటు తిరిగింది.

"మీ అమ్మ నన్నెందుకు అడగలేదు?"

"నేనూ పోట్లాడాను. నువ్వే ఆఫీసుకి ఇచ్చెయ్, నాన్ననేం అడుగుతావ్ అన్నాను. వినలేదు. మీ నాన్న బ్రాకెట్లు మర్చిపోయే మనిషి కాదే, ఆలస్యమైనా పెడతాడు అనేది."

నేను పళ్ళెం వైపే చూస్తున్నాను.

"చివరి వారం, నువ్వు మందులకి కిందికి వెళ్ళినప్పుడు అడిగింది నన్ను. మీ నాన్న చెప్పారా అని."

"నువ్వేమన్నావు?"

"చెప్పారు అన్నాను. ఏం చేయను నాన్నా? ఆ స్థితిలో. శాఖకి రాసిచ్చారు, నీ పేరు కూడా వేశారు అన్నాను."

"నమ్మిందా?"

అమ్మాయి కొంచెంసేపు మెతుకులు కెలికింది.

"నవ్వింది. 'బ్రాకెట్లో చెప్తున్నావా' అంది."

తరువాత ఇద్దరం తిన్నాం. పళ్ళేలు నేనే తీసుకెళ్ళి తొట్లో వేశాను.

ఫిబ్రవరి 27

పొద్దున్నే జూనియర్‌కి ఫోన్ చేశాను. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

"సార్, చెక్కడం అయిపోయింది. ఎల్లుండి పొద్దున నిలబెడుతున్నారు. క్రేన్ కూడా మాట్లాడేశాం."

"ముక్క దొరికింది."

"ఎప్పుడు?"

"పంతొమ్మిదేళ్ళయింది."

వాడు గొంతు తగ్గించాడు. "మేడమ్ పోయిన దుఃఖంలో ఉన్నారు సార్. ఓ నెలాగి మాట్లాడుకుందాం."

పంతొమ్మిదేళ్ళ కిందట నేను అన్నదీ దాదాపు అదే. నా దగ్గర నేర్చుకున్నవాడు మరి.

"రాసిస్తే తీసుకుంటావా?"

"ఇన్‌వార్డ్‌ రిజిస్టరులో ఎక్కిస్తాం. అది ఆపడం నా చేతుల్లో లేదు. రాయి ఆపడమూ నా చేతుల్లో లేదు. ముక్కైనా చూపిస్తే..."

పిండిమరకి వెళ్ళాను. మర ఆయన లేడు, ఆయన కోడలు నడుపుతోంది. గుమ్మంలో నున్నటి టైల్సు. పాత రాయి ఏదమ్మా అని అడిగాను.

"అదా బాబాయిగారూ? పునాదిలో వేసేశారు, ఏడేళ్ళయింది. కాళ్ళకి తగుల్తోందని. మీదా?"

"కాదు. మా ఆవిడది."

"అయ్యో, ముందే చెప్పకపోయారా?"

ఫిబ్రవరి 28

ఏడేళ్ళ కిందటిదాకా ఆ రాయి అక్కడే ఉంది. రోజూ పాలకి ఆ సందులోంచే వెళ్ళేవాణ్ణి. అవతలి పేవ్‌మెంట్ మీద నడిచేవాణ్ణి. అటు ఎండ తక్కువ అనుకునేవాణ్ణి. పొద్దున ఆరింటికి ఎండ ఎక్కడిది?

ఇక మిగిలిన సాక్ష్యం ఆమె కాగితం ఒక్కటే.

మార్చి 1

ఇవాళ రాయి నిలబెట్టారు. పక్కింటి టీవీలో చప్పట్లు వినిపించాయి. పిల్లలందరూ కలిసి ఆ మాట చెప్పారు. గొంతులు బాగున్నాయి.

కిటికీ మూసి, భోజనాల బల్ల తుడిచి, చుట్ట విప్పాను. పంతొమ్మిదేళ్ళయినా కాగితం చెక్కుచెదరలేదు. ఒక్క చోట కూడా చిరగలేదు, ఒక్క గుంట కూడా తప్పలేదు. మూలన ఆమె బొటనవేలి ముద్ర పడింది. తడి చేత్తో పట్టుకుని ఉంటుంది. ఇంటికి తెచ్చే తొందర.

చాలాసేపు చదివాను. ఏడక్షరాలే.

శాఖకి ఉత్తరం ఐదు వాక్యాల్లో అయిపోయింది. ఇంతకాలం పట్టేంత పెద్దదేమీ కాదు. నాలుగో వరుసలో నేను నింపిన మాట తప్పు. అసలు మాట ఇది. ముక్క ఫలానా చోట దొరికింది, ఇప్పుడు పునాదిలో ఉంది. అచ్చు జతచేశాను. అది దొరికిన రోజే నాకు తెలుసు.

చివరి వాక్యం రెండుసార్లు కొట్టేసి, మూడోసారి ఉంచేశాను.

దీనివల్ల రాయి దిగదు. జూనియర్ దాన్ని ఫైల్లో పెడతాడు. ఎప్పుడో ఒక కొత్తవాడు దుమ్ము దులిపి చదువుతాడు, చదవకపోవచ్చు కూడా. ఆమెకి మాత్రం అది చేరదు. దానికి పంతొమ్మిదేళ్ళు గడువిచ్చింది. పైగా ఆసుపత్రిలో పదకొండు రోజులు. మంచం పక్కనే ఉన్నాను. పేపరు చదివి వినిపించాను. వాతావరణం చదివాను, ఆటల పేజీ చదివాను.

ఉత్తరంతో జతచేయడానికి ఈ పుస్తకంలోంచే ఒక ఖాళీ పేజీ చింపాను. మొదటి గడిలో, పిండిమర గుమ్మం. రెండో గడిలో జూన్ తేదీ, ఆమె చీటీ చూసి. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. శాఖలో నడిచే పద్ధతి కాదు.

ఆమె పూర్తి పేరు రాశాను. అన్ని అక్షరాలూ ఆ గడిలో సరిపోయాయి.

బ్రాకెట్లు పెట్టలేదు.